పాడే కంప్యూటరుకు తాళం నేర్పుదాం

ముందు ఒక చిన్న ప్రయోగం. తొడమీద తాళం వేస్తూ దెబ్బకొకసారి "సా... సా... సా" అని పాడండి. దెబ్బ పడేసరికి మీ నోట ఏముంది? "స్" అన్న బుస అప్పటికే అయిపోయింది. దెబ్బమీద పడింది "ఆ". అంటే మనకు తెలియకుండానే హల్లును కాస్త ముందుగా మొదలుపెట్టి, అచ్చును తాళం మీద దించుతున్నామన్నమాట!

గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల మొదలు, మీ బడిలో ప్రార్థన పాడే పిల్లల వరకు అందరూ చేసే పనే ఇది. కంప్యూటరుకు మాత్రం చెప్పి చేయించాలి.

1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కంప్యూటరు ఒక పాట పాడింది. 2008లో జపాన్‌లో "ఉటౌ" అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మీ గొంతుతో ఒక్కొక్క అక్షరం రికార్డు చేసి ఇస్తే, వాటిని కూర్చి అది పాడుతుంది. అయితే ప్రతి అక్షరానికీ ఐదు కొలతలు చెప్పాలి. కొలమానం మిల్లీసెకండు, అంటే సెకండులో వెయ్యో వంతు.

మీరు "సా" రికార్డు చేశారనుకోండి. మొదటి 80 మిల్లీసెకండ్లు నిశ్శబ్దం. దాన్ని వదిలేయమని చెప్పేది ఆఫ్‌సెట్. అక్కడినుంచి 120 మిల్లీసెకండ్లకు "ఆ" మొదలైంది. ఇది ప్రీఅటరెన్స్. కంప్యూటరు అక్షరాన్ని తాళానికి అంత ముందుగా ఎత్తుకుంటుంది. ఇది చెప్పకపోతే ఏమవుతుంది? నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకండ్లే. అందులో 120 ఆలస్యమంటే దాదాపు పావు వంతు! పాట తాళం వెనక కుంటుతుంది.

మూడోది కాన్సనెంట్. స్వరం ఎంత పొడవైనా ఈ గీతలోపలి భాగాన్ని సాగదీయకూడదు. గీత దాటాక కటాఫ్ అనే నాలుగో గుర్తు వరకు ఉన్న అచ్చునే సాగదీయాలి. మన భాషలో ఇది మరీ ముఖ్యం. "కల"లోని "ల్" సాగిందంటే "కల్ల" అని వినిపిస్తుంది. కల కాస్తా అబద్ధమైపోతుంది!

ఐదోది ఓవర్‌ల్యాప్. పాత అక్షరం తగ్గుతూ, కొత్తది పెరుగుతూ కలిసి ఉండే కాలం ఇది. "మ", "ల" వంటి వాటికి ఇది కొంత ఉంటే పాట అతుకు తెలియకుండా సాగుతుంది. "క", "ట", "ప" పలికేముందు మాత్రం నోట్లో గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది. ఆ ఖాళీలోకి పాత అక్షరం పాకితే హల్లు మొద్దుబారుతుంది. కాబట్టి వాటికి చాలా తక్కువ చాలు.

ధ్వని తరంగాన్ని చూపే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మీ "సా", "మా", "కా" రికార్డు చేసి చూడండి. "స్" సన్నని నూగులాగా, "ఆ" ఒకే తీరులో మళ్ళీమళ్ళీ వచ్చే పెద్ద అలల్లాగా కనిపిస్తాయి. ఆ రెండూ కలిసేచోట గీత గీయండి.

ఇక మీకొక లెక్క: నిమిషానికి 80 దెబ్బల పాటలో ఆ 120 మిల్లీసెకండ్ల ఆలస్యం దెబ్బలో ఎన్నో వంతు? పాట ఏ వేగంలో ఉంటే తప్పు ఎక్కువగా వినిపిస్తుంది? ఆలోచించండి.