తోడుంటే దూరం తగ్గుతుంది

తెల్లవారుజాము. ఇంకా చీకటిగానే ఉంది. ఊరి చెరువు కట్ట మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఎవరా అని చూస్తే మన ఊరి పిల్లలే. పోలీసు ఉద్యోగాల ఎంపికలో పరుగు పరీక్ష ఉంటుంది. అందుకని ఆడపిల్లలు, మగపిల్లలు సాధన చేస్తున్నారు.

ఒక అమ్మాయి వెనకబడింది. రొప్పుతోంది. నడుం పట్టుకుని నిలబడిపోయింది.

"నా వల్ల కాదక్కా. మీరు పొండి" అంది.

ముందు పోతున్న అమ్మాయి ఆగింది. వెనక్కి వచ్చింది.

"పరుగెత్తొద్దులే. నడువు. ఆ తుమ్మచెట్టు దాకా నడుద్దాం. అక్కణ్ణించి మళ్ళీ మెల్లగా పరుగెడదాం. నేనూ నీతోనే వస్తా" అంది.

ఇద్దరూ నడిచారు. తుమ్మచెట్టు దాటాక మళ్ళీ పరుగందుకున్నారు.

కట్ట కింద ఒక పెద్దాయన గేదెల్ని తోలుకుపోతున్నాడు. ఆయనకు ఆశ్చర్యం వేసింది.

"ఇదేం చోద్యం! ఇద్దరూ ఒకే ఉద్యోగానికి పోటీ గదా. పక్కపిల్లకు సాయం చేస్తే తన చోటు పోదూ?" అనుకున్నాడు.

మీకూ ఆ సందేహం వచ్చిందా? పెద్దాయన అడిగింది మంచి ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే నలుగురు మనుషుల కథ వినాలి. వారు మన దేశం వాళ్ళు కాదు. కానీ పరుగులో లోకమంతా పేరు పొందినవాళ్ళు. వాళ్ళలో కొందరు ఒకరితో ఒకరు పోటీ పడ్డారు. ఒకరికొకరు తోడూ నిలిచారు.

చెప్పుల కంపెనీ కుర్రాడు

యూరప్ ఖండంలో చెకోస్లొవేకియా అనే దేశం ఉండేది. 1993లో అది రెండు దేశాలుగా విడిపోయింది. ఆ దేశంలో 1922లో ఒక వడ్రంగి ఇంట ఎమిల్ జాటోపెక్ పుట్టాడు. పెద్ద సంసారం. పెరిగాక అతను బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు.

1941లో ఒకరోజు ఫ్యాక్టరీ వాళ్ళు పరుగు పందెం పెట్టారు. జాటోపెక్‌ని కూడా పరుగెత్తమన్నారు. "నాకు ఒంట్లో బలం లేదు" అని అతను తప్పించుకోబోయాడు. డాక్టరు పరీక్షించి, బాగానే ఉన్నావు పొమ్మన్నాడు. ఇక తప్పలేదు. వంద మంది పరుగెత్తారు. జాటోపెక్ రెండోవాడుగా వచ్చాడు! ఆ రోజు నుంచి అతనికి పరుగంటే ఇష్టం పుట్టింది.

అతని సాధన మామూలుది కాదు. నాలుగు వందల మీటర్లు గట్టిగా పరుగెత్తేవాడు. తర్వాత కొంచెం దూరం మెల్లగా పోయేవాడు. మళ్ళీ నాలుగు వందల మీటర్లు గట్టిగా. ఇలా రోజుకు నలభై సార్లు కూడా చేసేవాడు. సైన్యంలో చేరాక బరువైన బూట్లు వేసుకుని మంచులో పరుగెత్తేవాడు.

1948లో లండన్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్ల పందెం గెలిచాడు. 1952లో హెల్సింకిలో అయిదు వేల మీటర్లు, పది వేల మీటర్లు, మారథాన్, మూడూ గెలిచాడు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. అంత దూరం పందెంలో పరుగెత్తడం అతనికి అదే మొదటిసారి. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచినవాడు ఇప్పటిదాకా మరొకడు లేడు.

ఇంత గెలిచినా అతనికి గర్వం లేదు. తన సాధన పద్ధతి దాచుకోలేదు. ఎవరు అడిగినా చెప్పేవాడు. పందెంలో పక్కన పరుగెత్తేవాళ్ళను కూడా పలకరించేవాడు.

మూడుసార్లు రెండోవాడు

రెండోవాడి పేరు అలాన్ మిమూన్. ఆఫ్రికా ఖండంలోని అల్జీరియాలో పుట్టాడు. అప్పుడు ఆ దేశం ఫ్రాన్సు పాలనలో ఉండేది. మిమూన్ ఫ్రాన్సు సైన్యంలో చేరాడు. 1944లో ఇటలీ యుద్ధంలో అతని కాలికి పెద్ద గాయమైంది. కాలు తీసేయాలనే దాకా వచ్చింది. అదృష్టం కొద్దీ కాలు దక్కింది. ఆ కాలితోనే పరుగు వీరుడయ్యాడు.

కానీ అతని ముందు ఎప్పుడూ జాటోపెక్ ఉండేవాడు. 1948లో పది వేల మీటర్లలో జాటోపెక్ మొదటివాడు, మిమూన్ రెండోవాడు. 1952లో అయిదు వేల మీటర్లలోనూ అంతే. పది వేల మీటర్లలోనూ అంతే.

మన ఇళ్ళలో అయితే ఏమవుతుంది? అలా ముందుండేవాడి మీద కోపం పెరుగుతుంది. మాటలు ఆగిపోతాయి. వాళ్ళిద్దరూ మాత్రం స్నేహితులుగానే ఉన్నారు.

1956 డిసెంబరు 1న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. జాటోపెక్‌కి ఆ మధ్యనే ఆపరేషన్ అయింది. మిమూన్‌కి 35 ఏళ్ళు. పరుగు మానే వయసు అని అందరూ అనుకునే వయసు. అయినా ఆ రోజు మిమూన్ 2 గంటల 25 నిమిషాల్లో చేరాడు. మొదటివాడుగా గెలిచాడు!

గెలిచినవాడు ఏం చేయాలి? విశ్రాంతి తీసుకోవాలి. పొగడ్తలు వినాలి. మిమూన్ అలా చేయలేదు. గీత దగ్గరే నిలబడ్డాడు. తన స్నేహితుడి కోసం దారి చూస్తున్నాడు. నాలుగు నిమిషాలు దాటాక జాటోపెక్ వచ్చాడు. అతనిది ఆరో స్థానం. బాగా అలసిపోయి ఉన్నాడు. తాను గెలిచానని మిమూన్ చెప్పాడు. జాటోపెక్ నెత్తి మీది టోపీ తీశాడు. నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. తర్వాత మిమూన్‌ని కౌగిలించుకున్నాడు.

ఆ కౌగిలింత బంగారు పతకం కంటే మేలైందని మిమూన్ తర్వాత చెప్పుకున్నాడు.

వెనక్కి తిరిగినవాడు

అదే మెల్‌బోర్న్‌లో, అదే 1956లో, మార్చి 10న ఇంకో సంగతి జరిగింది. అది ఆస్ట్రేలియా వాళ్ళ జాతీయ పోటీ. మైలు పరుగు. మైలు అంటే కిలోమీటరున్నర కన్నా కొంచెం ఎక్కువ.

పందెంలో జాన్ లాండీ ఉన్నాడు. మైలు పరుగులో ప్రపంచ రికార్డు అప్పుడు అతనిదే. ఆ రోజు ఆ రికార్డును ఇంకా మెరుగు చేస్తాడని జనం ఎదురు చూస్తున్నారు. రాన్ క్లార్క్ అనే కుర్రాడు కూడా పందెంలో ఉన్నాడు. వయసు 19.

మూడో చుట్టులో క్లార్క్ కాలికి కాలు తగిలి పడిపోయాడు. వెనకే వస్తున్న లాండీ అతని మీద నుంచి దూకాడు. పరుగు బూట్ల కింద మేకులుంటాయి. ఆ మేకులు క్లార్క్ చేతికి గీసుకున్నాయి.

లాండీ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వచ్చాడు. క్లార్క్‌కి ఏమైనా అయిందా అని చూశాడు. క్షమించమన్నాడు. తనకేం కాలేదనీ, పరుగెత్తమనీ క్లార్క్ చెప్పాడు.

ఈలోగా మిగతావాళ్ళు చాలా దూరం పోయారు. లాండీ మళ్ళీ పరుగందుకున్నాడు. ఒక్కొక్కరినే దాటాడు. చివరికి గెలిచాడు కూడా! పట్టిన సమయం 4 నిమిషాల 4 సెకన్లు. రికార్డు రాలేదు. కానీ ఆ రోజు అక్కడున్నవాళ్ళు దాన్ని జన్మలో మరిచిపోలేదు. లాండీ వెనక్కి వచ్చి క్లార్క్‌ని లేపుతున్నట్టు మెల్‌బోర్న్‌లో ఒక విగ్రహం నిలబెట్టారు.

అతను గెలవకపోయినా ఆ పని మంచిదే. ఇది గుర్తుంచుకోవాలి. ఆగినప్పుడు తాను గెలుస్తానో ఓడతానో లాండీకి తెలియదు.

చేతిలో పెట్టిన పొట్లం

కిందపడ్డ ఆ క్లార్క్ పెద్ద పరుగు వీరుడయ్యాడు. ఎన్నో ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు. 1965లో పది వేల మీటర్లను 28 నిమిషాల లోపు పూర్తిచేశాడు. అంతకుముందు ఆ పని ఎవరూ చేయలేదు. కానీ ఒలింపిక్ బంగారు పతకం మాత్రం అతనికి అందలేదు. 1964లో టోక్యోలో మూడో స్థానమే వచ్చింది.

1966లో క్లార్క్ జాటోపెక్ దేశానికి వెళ్ళాడు. జాటోపెక్ దగ్గరుండి అన్నీ చూపించాడు. తిరిగి వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో అతని చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టాడు. క్లార్క్ తర్వాత దాన్ని విప్పి చూశాడు. లోపల బంగారు పతకం! 1952లో పది వేల మీటర్లకు జాటోపెక్‌కి వచ్చిన పతకం అది. నువ్వు దీనికి తగినవాడివని చెప్పి ఇచ్చిన బహుమతి.

1968లో మెక్సికోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ నగరం సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది. క్లార్క్ ఆరోవాడుగా చేరి, స్పృహ తప్పి పడిపోయాడు. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. బంగారు పతకం అతనికి ఎప్పటికీ రాలేదు. జాటోపెక్ ఇచ్చిందే అతని దగ్గర ఉంది.

జాటోపెక్‌కీ కష్టాలు వచ్చాయి. 1968లో పరాయి సైన్యాలు వాళ్ళ దేశంలోకి వచ్చాయి. అది తప్పని అతను నోరు విప్పి చెప్పాడు. అందుకు సైన్యంలో ఉద్యోగం పోయింది. కొన్నేళ్ళు భూమిలో బోర్లు వేసే బృందంలో కూలి పని చేశాడు. అతను 2000లో చనిపోయాడు. లోకం ఇప్పటికీ అతన్ని తలుచుకుంటోంది.

పెద్దాయన ప్రశ్నకు జవాబు

ఇప్పుడు చెరువు కట్ట దగ్గరకు వద్దాం. పక్కవాళ్ళకు సాయం చేస్తే మనకు నష్టమా?

లాండీ సంగతే ఇంకొకటి చూడండి. ఆస్ట్రేలియాలో అతనికి సాటి వచ్చేవాళ్ళు అప్పట్లో లేరు. దాదాపు ఒంటరిగానే ముందు పరుగెత్తేవాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా మైలు పరుగు 4 నిమిషాల 2 సెకన్ల దగ్గరే ఆగిపోయేది. 1954 జూన్‌లో ఫిన్లాండులో ఒక పందెం జరిగింది. అక్కడ ఇంగ్లండు పరుగు వీరుడొకడు అతని వెన్నంటే వచ్చాడు. ఆ రోజు లాండీ 3 నిమిషాల 58 సెకన్లలో చేరాడు. ప్రపంచ రికార్డు! పక్కన గట్టివాడు ఉంటే మన కాలికి కొత్త బలం వస్తుంది.

పోలీసు పరుగు పరీక్షలో కూడా ముందు చూసేది గడియారాన్ని. ఇచ్చిన సమయంలోపు చేరాలి. తోటి పిల్ల మానేస్తే ఆ సమయం పెరగదు. తోటి పిల్ల తోడుంటే మాత్రం రోజూ లేవబుద్ధి అవుతుంది. ఉద్యోగాలు కొన్నే. ఇద్దరికీ రావచ్చు, ఒకరికే రావచ్చు. కానీ ఇద్దరూ గట్టిపడతారు. ఆ స్నేహం జీవితాంతం ఉంటుంది.

పరుగు మొదలుపెట్టేవారికి

- మొదటి రోజే ఎక్కువ దూరం పోవద్దు. కొంచెం నడవండి, కొంచెం పరుగెత్తండి.
- పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగం చాలు. మాట రాకపోతే వేగం తగ్గించండి.
- ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. చీకట్లో ఒంటరిగా పోవద్దు. రోడ్డు మీద వాహనాలకు ఎదురుగా పరుగెత్తండి.
- మంచినీళ్ళు తాగండి. ఎండ ముదరకముందే ముగించండి.
- గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగండి. డాక్టరుకు చూపించుకోండి.
- వెనకబడ్డవాళ్ళను ఎగతాళి చేయవద్దు. "ఇంకొంచెమే" అని చెప్పండి. చెప్పడమే కాదు, పక్కన నడవండి.

చదువు కూడా పరుగే

అక్షరాలు నేర్చుకోవడం కూడా దూరపు పరుగులాంటిదే. మొదట్లో అందరూ వచ్చారు. నాట్లు వచ్చాయి, కోతలు వచ్చాయి. కొందరు మానేశారు. కొందరికి ఒత్తులు దాటలేదు. కొందరు సంతకం దగ్గరే ఆగిపోయారు.

మీరు ఈ పాఠం చదవగలుగుతున్నారు. అంటే మీరు ముందున్నారు. మీతోపాటు మొదలుపెట్టి ఆగిపోయినవాళ్ళు మీ వీధిలో ఉన్నారు గదా? ఈ రోజు ఒక్కరి ఇంటికి వెళ్ళండి. "ఎందుకు మానేశావు?" అని అడగొద్దు. ఈ కథ చదివి వినిపించండి. చివరి పేరా వాళ్ళ చేత చదివించండి.

కట్ట మీద ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది నాలుగడుగులే. ఆ నాలుగడుగులతోనే వెనకబడ్డ పిల్ల మళ్ళీ పరుగందుకుంది.

కొత్త మాటలు

సాధన: రోజూ చేసి నేర్చుకోవడం
పతకం: గెలిచినవారికి ఇచ్చే బిళ్ళ
రికార్డు: అంతవరకూ ఎవరూ చేయనంత గొప్ప పని
ఒలింపిక్స్: నాలుగేళ్ళకోసారి అన్ని దేశాల వాళ్ళూ కలిసి ఆడే పోటీలు

చెప్పండి

1. మిమూన్ గెలిచాక గీత దగ్గరే ఎందుకు నిలబడ్డాడు?
2. లాండీ ఆగకుండా పోయి ఉంటే రికార్డు వచ్చేదేమో. అతను చేసింది మంచిదేనా? మీరైతే ఏం చేసేవారు?
3. జాటోపెక్ తన పతకాన్ని క్లార్క్‌కి ఎందుకిచ్చాడు?

రాయండి

మీరు కష్టంలో ఆగిపోయినప్పుడు వెనక్కి వచ్చి మీకు తోడు నిలిచింది ఎవరు? వారి పేరు రాయండి. వారు ఏం చేశారో మూడు వాక్యాల్లో రాయండి. రాసింది వారికి చదివి వినిపించండి.