ఎద్దుకు అరిగే గడ్డి మనకెందుకు అరగదు?

అన్నం తింటే మనకు బలం వస్తది. అదే వరి గడ్డి తింటే ఎందుకు రాదు? క్లాసుల ఈ ప్రశ్నకు అందరం నవ్వినం కాని జవాబు ఎవ్వరం చెప్పలేదు.

అన్నంలో పిండిపదార్థం, గడ్డిలో సెల్యులోజ్ ఎక్కువ. రెండూ గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండలే! తేడా ముడిలో ఉంది. సెల్యులోజ్‌లో ఒక పూస నిలువుగా ఉంటే పక్క పూస తలకిందులుగా ఉంటది. అందుకే దండలు దగ్గరగా అతుక్కుని పేనిన తాడులెక్క గట్టిపడతాయి. మన లాలాజలంలోని అమైలేజ్ ఈ ముడిని విప్పలేదు.

ఎద్దు కూడా సొంతంగా విప్పలేదు. దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సెల్యులేజ్ అనే ఎంజైములను తయారు చేస్తాయి. ఇది గనిలో గ్యాంగు పని వంటిది. ఒక ఎంజైము దండను నడుమ తెంపుతది. ఇంకొకటి కొసల నుండి రెండేసి పూసలు తీస్తది. మూడోది ఆ జంటను విడగొడతది. వచ్చిన గ్లూకోజును సూక్ష్మజీవులే తిని ఆమ్లాలు వదులుతాయి. ఎద్దుకు బలం ఎక్కువగా ఆ ఆమ్లాల నుండే.

రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు డేరాలు కుళ్ళిపోయినయి. నూలు అంటే సెల్యులోజే కదా. అక్కడ దొరికిన బూజుకు తర్వాత ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. నేడు ఫ్యాక్టరీల్లో సెల్యులేజ్ తీసేది ఎక్కువగా దాని నుండే.

మరి ఈ పని సగంలో ఆగితే? మన కాళ్ళ కిందనే ఉంది జవాబు. 25 కోట్ల ఏండ్ల కన్నా ముందు గోదావరి లోయ చిత్తడి అడవి. గ్లోసోప్టెరిస్ చెట్ల ఆకులు, మానులు నీళ్ళల్ల పడ్డయి. మానులోని లిగ్నిన్‌ను విప్పే బూజులకు గాలి కావాలి. నిలవ నీళ్ళల్ల అది లేక పూర్తిగా కుళ్ళలేదు. పైన మట్టి, ఇసుక పేరుకొని, ఒత్తిడికీ వేడికీ బొగ్గయింది. ఆ రాళ్ళ పేరు గోండ్వానా. గోండుల పేరు మీద పెట్టిందే!

మెస్ వెనక గుంతలో కూడా ఇంతే. వానాకాలం నీళ్ళు నిలిచి వాసన కొట్టింది, విస్తరాకులు అట్లనే ఉన్నయి. ఎండాకాలం వాటిని కాలబెట్టినం, పొగ అంతా డార్మిటరీలకే వచ్చింది. వార్డెన్ సారుకు మనవి: ఈసారి కాలబెట్టవద్దు. నీళ్ళు పోను కాలువ తీసి, పేడనీళ్ళు చల్లి, పదిహేను దినాలకొకసారి తిరగేద్దాం. పారలు రెండు ఇప్పిస్తే చాలు. ఎనిమిదో తరగతి వాళ్ళం ఆదివారం వస్తం.