స్టెంట్ ఎవరికి, పేస్‌మేకర్ ఎవరికి?

ప్రశ్న: మొవ్వ రైతు ఒకరి తండ్రికి 72 ఏళ్లు. పొలం గట్టు మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయారు. గుడివాడలో ఈసీజీ తీసి ‘హార్ట్ బ్లాక్’ అన్నారు, పేస్‌మేకర్ పెట్టాలన్నారు. బాబాయికీ బ్లాకులే ఉంటే స్టెంటుతో సరిపోయిందనీ, నాన్నకు మాత్రం మిషన్ ఎందుకనీ కొడుకు సందేహం. పెట్టించుకున్నాక చేపల చెరువు దగ్గర మోటార్లు వేయవచ్చా అని కూడా అడిగారు.

జవాబు: బాబాయికి పూడుకుపోయింది రక్తనాళం. పెద్దాయనది కరెంటు జబ్బు. గుండె పైగదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కిందిగదులకు సరిగా దిగడం లేదు. బోరుకు పైపు పూడటం వేరు, స్టార్టరు పాడవడం వేరు. నాడి నిమిషానికి 30, 40కి పడిపోతే మెదడుకు రక్తం చాలక మనిషి కూలిపోతాడు. కొన్ని బీపీ మాత్రలూ నాడిని తగ్గిస్తాయి కాబట్టి పాత చీటీలన్నీ ముందు డాక్టరుకు చూపించాలి. మందుల వల్ల కాదని తేలితే పేస్‌మేకరే దారి.

ఛాతీ తెరవరు. ఎక్కువమందికి మత్తు కూడా కోత పెట్టే చోటి వరకే. కాలర్ బోన్ కింద చిన్న కోత పెట్టి, సిర గుండా సన్నని తీగను గుండెలోకి దించి, అగ్గిపెట్టె కంటే చిన్న పరికరాన్ని చర్మం కింద అమరుస్తారు. బ్యాటరీ సుమారు పదేళ్లు వస్తుంది. ప్రపంచంలో మొదటిసారి 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు శరీరం లోపల అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఆయన పరికరాలు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికారు, 2001లో క్యాన్సర్‌తో పోయారు.

మోటారు స్విచ్ వేయవచ్చు, ఎర్తింగ్ సరిగా ఉండాలి. నడుస్తున్న మోటారు మీదికి వంగకూడదు. వెల్డింగ్ జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు. సెల్‌ఫోన్ చొక్కా జేబులో వద్దు, పరికరం లేని వైపు చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. మొదటి నెల, నెలన్నర పరికరం ఉన్న వైపు చేయి భుజం పైకి ఎత్తకూడదు, బస్తాలు మోయకూడదు. ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి: మనిషి పోయాక దహనానికి ముందు పరికరం తీయించాలి, మంటల్లో బ్యాటరీ పేలుతుంది.

ప్రశ్న: కూచిపూడి గృహిణి ఒకరి అత్తగారికి 78 ఏళ్లు, బృహద్ధమని కవాటం బాగా సన్నబడింది. ఛాతీ కోయకుండా మార్చవచ్చా?

జవాబు: మార్చవచ్చు. దాన్ని ‘తావి’ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే మొదట చేశారు. తొడ దగ్గరి ధమని గుండా మడిచిన కవాటాన్ని పంపి, పాతదాని లోపలే విప్పుతారు. ఈ వయసువారికి ఇదే నయం. వయసు తక్కువైతే ఆపరేషన్ వైపే మొగ్గు. అందరికీ కుదరదు, సీటీ స్కాన్ చూసి కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి తేల్చాలి.

ఖర్చే చిక్కు. స్టెంట్ల ధరకు కేంద్రం 2017లో కళ్లెం వేసింది, మందు పూత స్టెంటుకు అప్పట్లో గరిష్ఠం 29,600 రూపాయలు. తావి ఇప్పటికీ లక్షల మాటే. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే మాత్రం సంక్రాంతి వెళ్లాక చూద్దామని ఆగవద్దు.