పడవ మోటారు – వాలు సవరణ

చిన్న పడవలకు తెడ్డు, తెరచాపలే ఆధారమైన కాలం దాదాపుగా గతించింది. నేడు ఉప్పాడ, విశాఖ తీరాలలో ఫైబరు తెప్పల వెనుక బిగించిన మోటార్లు కనిపిస్తాయి. పడవ వెలుపల తగిలించే ఇట్టి మోటారుకు 1909 నుండి విశేష ప్రచారం కల్పించినవాడు నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. సరస్సులో తెడ్లు వేసుకొని వస్తూండగా, ప్రియురాలి కోసం తెస్తున్న ఐస్‌క్రీము కాస్తా కరిగిపోయిందట! ఆ విసుగే ఈ యంత్రానికి మూలమని చెబుతారు.

ఈ మోటారు ఉన్న పడవకు వేరుగా చుక్కాని అక్కరలేదు. (‘చుక్కాని’ అరబ్బీ నుండి మనకు వచ్చిన మాట.) మోటారును కుడియెడమలకు త్రిప్పితే పడవ తిరుగుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. దానిని ముందువెనుకలకు వంచితే ఏమవుతుందో గ్రహించినవారు తక్కువ. ఈ వాలునే ‘ట్రిమ్’ అంటారు.

మోటారు అడుగుభాగం పడవకు దగ్గరగా ఉంటే, ప్రొపెల్లర్ త్రోపు వల్ల పడవ వెనుక భాగం లేచి ముక్కు దిగుతుంది. దూరంగా జరిగితే ముక్కు లేస్తుంది. బయలుదేరేటప్పుడు వెనుక భాగం నీటిలో క్రుంగి, ముక్కు ఆకాశాన్ని చూస్తుంది. నడిపేవానికి ఎదుట ఉన్నది కనబడదు. కనుక మోటారును దగ్గరగా ఉంచి బయలుదేరాలి. వేగం పుంజుకొని పడవ నీటిపై జారసాగిన తరువాత కొద్దికొద్దిగా వెలుపలికి వంచాలి. నీటిని ఒరసుకొనే భాగం తగ్గి, అదే ఇంధనంతో పడవ మరింత దూరం పోతుంది.

వంపు మితిమీరితే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. ప్రొపెల్లర్ నీటితో పాటు గాలిని పీలుస్తుంది. ఇంజను రొద పెరుగుతుందే కాని వేగం పెరగదు. అనుభవం లేనివాడు ఆ రొదనే బలమని భ్రమించి ఇంకా వేగం పెంచబోతాడు. మోటారు మరీ దగ్గరగా ఉన్నా ప్రమాదమే. వెనుక నుండి తరిమే కెరటాలలో ముక్కు క్రిందికి ఉంటే, అది ముందరి కెరటంలో గ్రుచ్చుకొని, పడవ అడ్డం తిరిగి బోల్తాపడవచ్చు. అప్పుడు ముక్కు కొంత లేచి ఉండాలి. ఎదురు కెరటాలలోనైతే కొంత దిగి ఉండడమే మేలు.

పెద్ద మోటార్లలో మీట నొక్కితే వాలు మారుతుంది. చిన్నవాటికి ఆ భాగ్యం లేదు. బిగింపు చట్రంలో వరుసగా రంధ్రాలు, వాటిలో ఒక ఇనుప చీల ఉంటాయి. ఇంజను ఆపి, మోటారును ఎత్తి, చీలను మరొక రంధ్రంలోకి మార్చాలి. కెరటాల నడుమ అది సాధ్యమయ్యే పని కాదు. కాబట్టి వలలు, మనుషులు, ఇంధనపు డబ్బా ఎంత బరువో చూసుకొని ఒడ్డుననే వాలు నిర్ణయించుకోవాలి.

సముద్రంలో మిగిలే ఉపాయం బరువు సర్దడమే. వెనుక కూర్చున్నవాడు ఒక్కడు ముందుకు జరిగితే చాలు, ముక్కు దిగుతుంది. తిరుగు ప్రయాణంలో చేపల బుట్టలన్నీ వెనుకనే పేరిస్తే, ఉదయం సరిపోయిన వాలు సాయంకాలానికి సరిపోదు. ఒడ్డు చేరువకాగానే ఇంజను ఆపి మోటారును పూర్తిగా పైకెత్తాలి. లేకుంటే ప్రొపెల్లర్ ఇసుకలో దిగబడుతుంది.