సరళవృక్షాల నీడలో సాగరతీరం

పాఠ్యభాగ పరిచయం

యాత్రారచన కొత్త ప్రదేశాల అందాలను వర్ణించడంతో ముగిసిపోదు. ఆ అందం ఎట్లా ఏర్పడిందో, ఎందువల్ల నిలిచి ఉన్నదో కూడ తెలుపుతుంది. గ్రీసు దేశానికి చెందిన స్కియథోస్ ద్వీపంలోని ఒక నిర్జన సాగరతీరాన్ని పరిచయం చేస్తూ, ప్రకృతి పట్ల మానవుడు పాటించవలసిన సంయమనాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గ్రీసు ప్రధాన భూభాగానికి తూర్పున, ఏజియన్ సముద్రంలో ఉత్తర స్పోరడీస్ అనే ద్వీపసముదాయం ఉన్నది. వాటిలో ప్రధాన భూభాగానికి మిక్కిలి చేరువలో ఉన్న ద్వీపం స్కియథోస్. దీని వైశాల్యం సుమారు 50 చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు ఆరు వేలు. వోలోస్ రేవులో ఓడ ఎక్కిన యాత్రికుడు రెండు గంటలకు కొంచెం అటు ఇటుగా ఈ ద్వీపాన్ని చేరుకుంటాడు. తెల్లని గోడలు, ఎర్రని పెంకుల కప్పులు గల ఇళ్లు రేవు చుట్టూ మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ప్రసిద్ధ గ్రీకు కథారచయిత అలెగ్జాండ్రోస్ పపడియమాంటిస్ (1851–1911) జన్మించింది ఈ ఊరిలోనే. ద్వీపవాసుల కష్టసుఖాలను కథలుగా మలచిన ఆ రచయిత ఇల్లు నేడు మ్యూజియంగా ఉన్నది.

ఊరి నుండి దక్షిణ తీరం వెంట సుమారు 12 కిలోమీటర్లు బస్సులో ప్రయాణిస్తే కుకునారియెస్ తీరం వస్తుంది. అక్కడి గొడుగు పైన్ చెట్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. సంస్కృతంలో సరళవృక్షమని పిలిచే చెట్టు ఈ పైన్ జాతికి చెందినదే. మన కోస్తాలోని సరుగుడు చెట్టు చూపులకు దీనిని పోలి ఉన్నా, శాస్త్రరీత్యా రెండూ వేరు. సరుగుడు పుష్పించే మొక్కల వర్గానికి చెందినది. పైన్ పువ్వులు పూయదు, కాయలలో గింజలను దాచుకుంటుంది. గొడుగు పైన్ కాయ పండడానికి మూడేళ్లు పడుతుంది. దాని పప్పు తినడానికి రుచిగా ఉంటుంది.

ఈ తీరం వెనుక స్ట్రోఫిలియా అనే ఉప్పునీటి మడుగు ఉన్నది. ఐరోపా సమాఖ్య వారి ‘నాచురా 2000’ రక్షిత ప్రాంతాలలో కుకునారియెస్ ఒకటి. అయినా వేసవిలో ఇక్కడ జనసమ్మర్దం ఎక్కువ. అద్దె గొడుగులు, పడక కుర్చీలు బారులు తీరి ఉంటాయి. ప్రశాంతత కోరే యాత్రికుడు ద్వీపానికి వాయవ్యంగా ఉన్న మండ్రాకి తీరానికి నడక సాగిస్తాడు.

తారురోడ్డు దిగి సుమారు అరగంట సేపు అడవిలోని మట్టిబాట వెంట నడవాలి. ఎండకు కరిగిన బంక వాసన గాలిలో నిండి ఉంటుంది. ఈలపురుగుల రొద ఎడతెగక వినిపిస్తుంది. రాలిన సూదుల వంటి ఆకులు కాలికింద మెత్తగా అణగుతాయి. ఆ రొద క్రమంగా వెనుకబడి అలల సవ్వడి దగ్గరవుతుంది. చెట్లు పలచబడిన చోట ఇసుక దిబ్బలు, వాటికి అవతల నీలిసముద్రం కనబడతాయి. గ్రీష్మంలో ఉత్తరం నుండి ‘మెల్టెమి’ అనే గాలి బలంగా వీస్తుంది. ఆ దినాలలో ఈ తీరాన అలలు ఎగసిపడతాయి కనుక స్నానానికి దిగేవారు జాగ్రత్త వహించాలి.

క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్క్సీజ్ గ్రీసుపై దండెత్తినపుడు అతని నౌకలు ఈ పరిసరాలలో సంచరించాయి. శత్రునౌకల రాకను స్కియథోస్ నుండి అగ్నిసంకేతాల ద్వారా గ్రీకులకు తెలిపినట్లు హెరొడోటస్ వ్రాశాడు. మండ్రాకిని స్థానికులు జెర్క్సీజ్ రేవు అని కూడ పిలుస్తారు.

ఇక్కడి నీడకు మూలం ఇసుకలోనే ఉన్నది. గాలి మోసుకొచ్చిన ఇసుకను తీరంలోని గడ్డిదుబ్బులు అడ్డగిస్తాయి. అది పేరుకొని దిబ్బ అవుతుంది. దిబ్బ ఉప్పు తుంపరను, సుడిగాలిని ఆపుతుంది. ఆ చాటున పైన్ మొక్కలు ఎదిగి, తమ వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతాయి. పాదాల తొక్కిడికి గడ్డి నశిస్తే దిబ్బకు గండి పడుతుంది. గండి పడితే ఉప్పుగాలి చెట్లకు తగులుతుంది. అందువల్ల గడ్డిపోచను కాపాడడమే మహావృక్షాన్ని కాపాడడం.

అగ్ని మరొక ముప్పు. ద్వీపంలోని అడవిలో ఎక్కువగా ఉన్న అలెప్పో పైన్ కాయలు కొన్ని మంట వేడికి విచ్చుకొని గింజలు రాలుస్తాయి. కాలిన నేలపై అవి మళ్లీ మొలుస్తాయి. కాని ఆ మొక్కలు తగినన్ని గింజలు కాయడానికి సుమారు పదిహేనేళ్లు పడుతుంది. అంతలోనే రెండవసారి నిప్పంటుకుంటే అడవి తిరిగి లేవదు. అజాగ్రత్తగా పారవేసిన ఒక్క సిగరెట్టు ముక్క ఒక తరం నీడను హరించగలదు.

తీరం ఎవరిదనే ప్రశ్న కూడ ఉన్నది. 2023లో పారోస్ ద్వీపవాసులు, తమ తీరాలను అద్దె కుర్చీలు ఆక్రమిస్తున్నాయని, తువ్వాలు పరచుకునే చోటైనా మిగలడం లేదని నిరసన తెలిపారు. ఆ ఉద్యమం ఇతర ద్వీపాలకూ వ్యాపించింది. 2024లో గ్రీసు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం తీరంలో కనీసం సగభాగం, రక్షిత ప్రాంతాలలో 70 శాతం ఖాళీగా ఉంచాలి. నీటి అంచునుండి నాలుగు మీటర్ల లోపు కుర్చీలు వేయరాదు.

కాబట్టి మండ్రాకి ప్రశాంతత ప్రకృతి ఇచ్చిన వరం మాత్రమే కాదు, అది మానవ సంయమన ఫలం కూడ. పొద్దు వాలినపుడు యాత్రికుడు ఖాళీ సీసాను సంచిలో వేసుకొని, దిబ్బ ఎక్కక, వచ్చిన బాటనే తిరిగి వెళతాడు. మరునాడు వచ్చేవానికి ఆ నీడ అట్లే దక్కుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

నిర్జనం : జనులు లేనిది
సంయమనం : నిగ్రహం
జనసమ్మర్దం : జనుల ఒత్తిడి
మడుగు : నీరు నిలిచిన పల్లపు చోటు
తుంపర : సన్నని నీటి చినుకులు
హరించు : లేకుండ చేయు

ప్రశ్నలు

1. ఇసుక దిబ్బకు, పైన్ వృక్షాలకు గల పరస్పర సంబంధాన్ని వివరించండి.
2. అడవిలో రెండవసారి నిప్పంటుకుంటే కలిగే నష్టం ఏమిటి?
3. పారోస్ ద్వీపవాసులు ఎందుకు నిరసన తెలిపారు? దాని తరువాత వచ్చిన చట్టం ఏమి చెబుతున్నది?
4. “గడ్డిపోచను కాపాడడమే మహావృక్షాన్ని కాపాడడం” – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.