తప్పు జవాబుల నోటుబుక్కు

శ్రీకాకుళం

చి. చిన్నీకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పుకోలేక కాగితం మీద పెట్టావంటేనే నీ మనసెంత నలిగిందో తెలుస్తోంది. కాలేజీ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ గారు నీ దశాంశాల పాఠం చూసి రికార్డులో ‘బాగుంది’ అని రాసి వెళ్లారు. మర్నాడు నువ్వు లెక్కలు ఇస్తే క్లాసులో సగం మందికి పైగా 0.4 కంటే 0.35 పెద్దదని రాశారు. చార్టు కుదిరింది, బోర్డు పని కుదిరింది, ఉన్ముఖీకరణ ప్రశ్నలకు పిల్లలు పోటీపడి చేతులెత్తారు, మరి ఎక్కడ పోయిందత్తా అని అడిగావు.

పోయిందేమీ లేదమ్మా. ‘బాగుంది’ అన్న మాట మీద నీకు అనుమానం వచ్చింది. టీచరు కాబోయే మనిషికి మొదటి నెలలోనే ఆ అనుమానం రావడం నీ అదృష్టం, రేపు నీ దగ్గర చదవబోయే పిల్లల అదృష్టం కూడా.

ముందు ఆ 0.35 సంగతి చూద్దాం. పిల్లలు నీ మాట వినకపోబట్టి అలా రాయలేదు. ఒకటో తరగతి నుంచీ వాళ్లకు ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దదే. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదని అయిదేళ్లపాటు మనమే నేర్పాం. బిందువు వచ్చాక ఆ సూత్రం చెల్లదని ఒక్క పీరియడ్‌లో చెబితే పాతది ఎక్కడికి పోతుంది? పైగా చాలామంది టీచర్లు దాన్ని ‘సున్నా పాయింట్ ముప్పై అయిదు’ అనే చదువుతారు. మూడు, అయిదు అని విడివిడిగా చదివించు. తర్వాత బట్టలు కుట్టేవాళ్ల టేపు ఒకటి పట్టుకెళ్లి 0.4 మీటరు ఎక్కడుందో, 0.35 మీటరు ఎక్కడుందో వాళ్ల వేళ్లతోనే పెట్టించు. నలభై సెంటీమీటర్ల దగ్గర ఒక వేలు, ముప్పై అయిదు దగ్గర ఒక వేలు పడ్డాక ఏది పెద్దదో నువ్వు చెప్పక్కర్లేదు. రూపాయలు, పైసలతో మాత్రం మొదలుపెట్టకు. మా తరానికి అది పనికొచ్చింది. ఈ పిల్లలు పైసను చేత్తో పట్టుకుని ఎరగరు.

మీ కాలేజీలో సూక్ష్మబోధన చేయించే ఉంటారు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన తోటివాళ్లు మొదలుపెట్టిన పద్ధతి అది. అయిదారు నిమిషాల పాఠం, ఒకే ఒక్క నైపుణ్యం, వెంటనే లోటుపాట్లు చెప్పడం, సరిదిద్దుకుని మళ్లీ చెప్పడం. గొంతు కుదుర్చుకోవడానికి, బోర్డు మీద రాత తిన్నగా రావడానికి అది మంచి సాధనే. కాని అక్కడ నీ ఎదురుగా కూర్చునేది నీ స్నేహితులు. డిగ్రీలో లెక్కలు చదివినవాళ్లు ఆరో తరగతి పిల్లల్లా ఎంత నటించినా 0.35 పెద్దదని ఒక్కరూ అనరు. ఆ మాట అసలు పిల్లల నోటే వినాలి. నిన్ను బడికి పంపింది అందుకే.

మేం చదివేనాటికి బి.ఎడ్. ఏడాది కోర్సు. రెండు మెథడ్లకూ కలిపి 40 పాఠాలు చెప్పేస్తే ప్రాక్టీసు అయిపోయినట్టే. ఒక పాఠం చెప్పి, పరిశీలన షీటు మీద సంతకం తీసుకుని, మర్నాడు ఇంకో తరగతికి పోయేవాళ్లం. ఏ పిల్లనీ పేరు పెట్టి పిలిచే చనువు వచ్చేది కాదు. 2014 ఎన్‌సీటీఈ నిబంధనలు వచ్చాక కోర్సు రెండేళ్లయింది, బడిలో 20 వారాలు గడపాలన్నారు. మొదటి ఏడు 4, రెండో ఏడు 16. ఈ 16 వారాలను వదిలించుకోవాల్సిన తద్దినంలా చూసేవాళ్లు నీ చుట్టూ ఉంటారు. నువ్వు అలా చూడకు. రేపు డీఎస్సీ రాసి పోస్టింగ్ తెచ్చుకున్నాక సిలబస్ నీ నెత్తిన ఉంటుంది. పదో తరగతి ఫలితాలు, యాప్‌లో హాజరు, భోజనం లెక్కలు, కాంప్లెక్స్ మీటింగులు అన్నీ ఉంటాయి. ఒక పిల్లవాడి పక్కన అరగంట కూర్చుని వాడు లెక్క ఎలా చేస్తున్నాడో చూసే తీరిక ఇప్పుడున్నట్టు మళ్లీ దొరకదు.

కాబట్టి ఒక లాంగ్ నోటుబుక్కు కొనుక్కో. ఇది కాలేజీకి ఇచ్చే రికార్డు కాదు, నీ సొంతం. ఎడమ పేజీలో పిల్లలు రాసిన తప్పు జవాబును వాళ్లు ఎలా రాస్తే అలాగే దించుకో. అంకెలు వంకరగా పేరిస్తే వంకరగానే దించు. కుడి పేజీలో ఎలా చేశారో వాళ్లు చెప్పిన మాటలు రాయి. వాళ్ల మాటల్లోనే, మన భాషలోకి మార్చకుండా. పిల్లల పేర్లు రాయొద్దు, తరగతి, తేదీ చాలు.

దీనివల్ల ఏమొస్తుందో చెబుతాను. నా ఆరో తరగతిలో ఒక పిల్లవాడు 52 లోంచి 27 తీస్తే 35 అని రాశాడు. పక్కవాళ్లు నవ్వారు. ఎలా చేశావో చూపించు నాన్నా అంటే వేలు పెట్టి చూపించాడు. ‘ఏడులోంచి రెండు తీస్తే అయిదు టీచర్, అయిదులోంచి రెండు తీస్తే మూడు.’ ఇంకోటి చూద్దామని 64 లోంచి 38 తీయమన్నాను. 34 అన్నాడు. అప్పుడు సంగతి తేలింది. వాడు పరాకుగా చేయడం లేదు, ఒక నియమం పాటిస్తున్నాడు. పైనున్నా కిందున్నా సరే, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలి. చిన్నదాంట్లోంచి పెద్దది పోదని కింది తరగతుల్లో విన్న మాటను వాడు అంత నమ్మకంగా పట్టుకున్నాడు.

ఇలాంటి పిల్లవాడికి ఇంకో పది లెక్కలు ఇచ్చి చేసుకురమ్మంటే ఆ పదీ అదే నియమంతో చేసి, తప్పును ఇంకా గట్టి చేసుకుంటాడు. నేను అగ్గిపుల్లలు తెచ్చాను. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు అయిదు, విడిగా రెండు. ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వమన్నాను. ముందు రెండు కట్టలు తీసి ఇచ్చాడు. విడి పుల్లలు రెండే ఉన్నాయి. వాటి వంక చూశాడు, నా వంక చూశాడు. కాసేపటికి ఇంకో కట్ట అందుకుని రబ్బరు బ్యాండు లాగేశాడు. బోర్డు మీద పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ పిల్లవాడికి నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తీసివేతల్లో పిల్లలు చేసే తప్పుల మీద 1978లో పేరుపొందిన వ్యాసం రాశారు. చాలా తప్పులు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు, పిల్లలు ఒక తప్పుడు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల వచ్చేవి అని చూపించారు. పద్ధతి తెలిస్తే వచ్చే తప్పు జవాబు ఏదో ముందే చెప్పొచ్చు. మూడు వందల అయిదు రాయమంటే 3005 రాసే పిల్లలు నీ తరగతిలోనూ ఉంటారు. విన్నది విన్నట్టు ముందు 300, దాని పక్కన 5 రాస్తారు. స్థాన విలువ కార్డుల్లో 300 కార్డు మీద చివరి సున్నా కప్పేలా 5 కార్డు పెట్టి చూపించు.

అడిగే తీరు ఒక్కటి జాగ్రత్త. ఎందుకు తప్పు చేశావని అడిగితే పిల్లలు నోరు మూసుకుంటారు. ఎలా చేశావో నాకు చూపించు అను. ఒప్పు చేసినవాళ్లనూ అదే మాట అడుగు. తప్పు చేసినవాళ్లనే అడిగితే, టీచర్ అడిగిందంటే మనది తప్పే అని రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. ప్రశ్న వేశాక ఆగడం కూడా నేర్చుకో. మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికా తరగతి గదుల్లో ఇదే గమనించింది. టీచర్లు ప్రశ్న వేసి సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారట. మూడు సెకన్లో, ఇంకాస్తో ఆగినచోట జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ మాట్లాడని పిల్లలు నోరు విప్పారు. వెనక సూపర్‌వైజర్ కూర్చుని ఉంటే ఆ మూడు సెకన్లూ నీకు యుగాల్లా ఉంటాయి, తెలుసు. అయినా ఆగు.

నువ్వున్న పాతపట్నం గురించి ఒక మాట. పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు, నీకంటే చిన్నవాడు. అక్కడి కొండల్లోని సవర గిరిజనుల మాట విని, ఆ భాష పట్టుబట్టి నేర్చుకుని, ఆ పిల్లల కోసం సవరలో వాచకాలు తయారు చేశారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, కాని పిల్లవాడి నోట్లో ఉన్న మాట పట్టించుకోవాలన్న ఆలోచన ఒక బడిపంతులుకు వచ్చిన ఆలోచన అని నేను నమ్ముతాను.

నీ తరగతిలో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఉంటారు, సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర పిల్లలు ఒకరిద్దరైనా ఉండొచ్చు. ఆ పిల్లల్ని ఇంట్లో ఎలా లెక్కపెడతారో అడుగు. సవర లెక్కలో పదమూడుని పన్నెండు-ఒకటి అంటారు. ముప్పై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. అలా లెక్కపెట్టే ఇంట్లోంచి వచ్చిన పిల్ల పదుల స్థానం దగ్గర తడబడితే ఆ పిల్లకు లెక్కలు రావని రాసేస్తామా? పన్నెండుతోనూ, ఇరవైతోనూ లెక్కపెట్టగల పిల్ల అది. తరగతిలో ఆ లెక్క ఒకసారి బోర్డు మీద రాయించు. మిగతా పిల్లలకు పదుల పద్ధతి అంటే ఏమిటో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక రికార్డుల సంగతి. డబ్బిస్తే పాఠ్యపథకాలు రాసిపెట్టేవాళ్లున్నారని, నీ తోటివాళ్లు కొందరు అలా రాయించుకుంటున్నారని రాశావు. నువ్వు ఆ పని చెయ్యకు. పాఠ్యపథకంలో రేపు పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందుగా ఊహించి రాసుకోవాలి. ఆ ఊహ నీదైతేనే మర్నాడు అది నిజమైందో లేదో నీకు తెలుస్తుంది. సూపర్‌వైజర్ గారి మీద కూడా కినుక పెట్టుకోకు. ఆయన ఒక పూటలో ఎంతోమందిని చూడాలి, పాఠం చూడగలరు గాని పిల్లల నోటుబుక్కులు తిరగేసే వ్యవధి ఉండదు. ఈసారి వచ్చినప్పుడు ఆ 0.35 పేజీ నువ్వే ఆయనకు చూపించు. ఏం చేయాలో అడుగు.

ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌కి నిన్నే పంపుతున్నారని విసుక్కున్నావు. వెళ్లు తల్లీ. పథకం లేని ఆ పీరియడ్‌లోనే పిల్లలు నీతో మామూలుగా మాట్లాడతారు. గొడవ చేస్తే మాత్రం ఎవరో ఒకరు బెత్తం అందిస్తారు, ఇది లేకపోతే వీళ్లు వినరని చెబుతారు. ముట్టుకోకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. దెబ్బకు భయపడే పిల్ల నీకు తప్పు జవాబు చూపించదు, పక్కవాళ్ల ఒప్పు జవాబు చూసి రాసి చూపిస్తుంది. అప్పుడు ఆ పిల్లకు ఏమొచ్చో ఏం రాదో నీకు ఎప్పటికీ తెలియదు.

టెట్ బిట్లు చదువుకోవడం మానొద్దు, ఉద్యోగం కావాలి కదా. రాత్రి అవి చదువుకో, పగలు పిల్లల్ని చదువు.

దసరా సెలవులకు నువ్వు వస్తావని మీ నాన్న చెప్పాడు. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తప్పకుండా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. సోమవారం మాత్రం టేపు పట్టుకుని బడికి వెళ్లు, 0.35 పెద్దదన్న ప్రతి పిల్ల చేతా వేలు పెట్టించు, ఒక్కరినీ వదలకు.

ఇట్లు,
మీ అత్త