ఇంజన్ ఎందుకు వేడెక్కుతుంది? – కారణం కనుక్కునే పద్ధతి



మన హాస్టల్లో చదివినవారిలో డ్రైవర్లు, మెకానిక్కులు ఉన్నారు. ఫైనాన్స్ మీద కారు తీసుకుని కిరాయికి తిప్పుకునేవారూ ఉన్నారు. కారు ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కి పాడైతే రిపేరు ఖర్చు ఒక పక్క, కిరాయిలు పోయి వాయిదా ఆగిపోవడం మరో పక్క. చాలాసార్లు ఆ నష్టం మొదలయ్యేది ఒక రబ్బరు పైపు దగ్గరో, ఒక ఫ్యూజు దగ్గరో. దాన్ని ముందే పట్టుకోవడం ఎలాగో తెలుసుకుందాం. ఇందులో ఉన్నదంతా మీరు ఉష్ణం పాఠంలో చదివే విజ్ఞానమే.

వేడి ఎక్కడిది? ఎక్కడికి పోతుంది?

పెట్రోలు మండినప్పుడు సిలిండరు లోపల వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లే బయటకు మోసుకుపోవాలి.

ఇంజన్ గోడల్లోని ఖాళీల్లో కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం తిరుగుతుంది. వాటర్ పంపు దాన్ని తోస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ వాల్వ్ రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. సుమారు 82 నుండి 90 డిగ్రీల మధ్య వాల్వ్‌లోని మైనం కరిగి వ్యాకోచించి దారి తెరుస్తుంది. వేడి నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లోకి వెళ్లి, గాలికి, ఫ్యాన్‌కు చల్లబడి తిరిగి వస్తాయి.

ఇక రేడియేటర్ మూత. ఇది ఉత్త మూత కాదు, స్ప్రింగు ఉన్న వాల్వ్. లోపల పీడనాన్ని సుమారు 1 కి.గ్రా./చ.సెం.మీ. వరకు పెరగనిస్తుంది. ఆ పీడనం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, సుమారు 120 డిగ్రీల దాకా ఆగుతాయి. ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇదీ.

ముందుగా ప్రాణరక్షణ

ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు. లోపల 110 డిగ్రీల దగ్గర మరగకుండా ఉన్న నీళ్లు, మూత తీయగానే పీడనం పడిపోయి ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ ఆవిరి, నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చూపు పోయే ప్రమాదం ఉంది. మూత తెరిచేది చేత్తో ముట్టుకోగలిగినంత చల్లబడిన తర్వాతే. అప్పుడు కూడా మందపాటి గుడ్డ వేసి, ముందు కొద్దిగా తిప్పి పీడనం పోనిచ్చి, తర్వాత పూర్తిగా తీయాలి.

దారిలో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడిని లాగేస్తుంది. ముల్లు ఎర్ర గీత చేరినా, ఆవిరి వచ్చినా వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. “ఇంకో రెండు కిలోమీటర్లే కదా” అనుకుని పోతే హెడ్ వంగిపోతుంది. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు, లోహం పగలవచ్చు. కనీసం అరగంట ఆగండి.

ఎప్పుడు వేడెక్కుతుంది? – మొదటి ప్రశ్న ఇదే

డాక్టరు జ్వరం ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగినట్టే మెకానిక్ కూడా అడగాలి.

1. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగంగా పోతే తగ్గుతుంటే: ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంలో ఎదురుగాలి ఫ్యాన్ పని చేసిపెడుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు.

2. హైవే మీద వేగంలో గానీ, ఘాట్ ఎక్కేటప్పుడు గానీ వేడెక్కుతుంటే: రేడియేటర్ పూడుకుపోవడం, నీళ్లు తగ్గడం, పంపు సరిగా తోయకపోవడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం.

3. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే: థర్మోస్టాట్ మూసుకుని పట్టేయడం, నీళ్లు బాగా తక్కువ ఉండడం, లేదా హెడ్ గ్యాస్కెట్ పోవడం.

ఇంకో మాట. ముల్లును పూర్తిగా నమ్మవద్దు. నీళ్లు పూర్తిగా కారిపోతే సెన్సార్ చుట్టూ నీరుండదు కాబట్టి, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు.

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఖర్చుతో కూడిన దానికి వెళ్లాలి.

నీళ్లు: చల్లగా ఉన్నప్పుడు డబ్బాలోనే కాదు, మూత తీసి రేడియేటర్‌లోనూ చూడాలి. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ తగ్గి ఉంటే మూత వాల్వ్ చెడి ఉండవచ్చు. చల్లబడేటప్పుడు డబ్బాలోని నీళ్లను అది వెనక్కి రానివ్వడం లేదన్నమాట.

లీకులు: పైపుల కొసలు, రేడియేటర్ అంచులు, పంపు కింది చిన్న రంధ్రం, కారు నిలిపిన చోట నేల చూడాలి. ఎండిన కూలెంట్ రంగు మరక వదులుతుంది.

బెల్టు: ఇంజన్ ఆపి, పగుళ్లు, వదులు చూడాలి. చాలా కార్లలో ఈ బెల్టే పంపును తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు కూడా వెలుగుతుంది.

ఫ్యాన్: ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. మోటారుకు బ్యాటరీ నుండి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడాలి. తిరిగితే మోటారు మంచిదే, లోపం స్విచ్‌లోనో తీగలోనో ఉంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా హఠాత్తుగా తిరగవచ్చు, వేళ్లు జాగ్రత్త.

థర్మోస్టాట్: ఇది మీరు ల్యాబులో చేయదగిన ప్రయోగం. వాల్వ్‌ను దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు మరిగినా తెరుచుకోకపోతే మార్చాలి.

రేడియేటర్: బయట మట్టి, పురుగులు పట్టి ఉంటే ఇంజన్ వైపు నుండి ముందుకు నీళ్లు మెల్లగా కొట్టి కడగాలి. లోపలి పూడిక తెలియాలంటే, ఇంజన్ వేడెక్కాక ఆపి, ఫ్యాన్ ప్లగ్గు పీకి, మంటపుట్టకుండా చేయి దగ్గరగా పెట్టి చూడాలి. అక్కడక్కడ చల్లగా ఉంటే ఆ గొట్టాలు పూడినట్టే.

హెడ్ గ్యాస్కెట్: ఆయిల్ పాల టీ రంగులోకి మారడం, పొగగొట్టం నుండి ఆగకుండా తెల్ల పొగ, రేడియేటర్‌లో ఆగని బుడగలు, బయట లీకు లేకుండానే నీళ్లు తగ్గడం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే బండి నడపకూడదు. హెడ్ దింపి, వంగిందేమో సూటి పట్టీతో, ఫీలర్ గేజితో కొలవాలి. అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే అల్యూమినియం హెడ్ త్వరగా వంగుతుంది.

రెండు చెడ్డ అలవాట్లు

ఒకటి, బోరు నీళ్లు పోయడం. పళ్లకు గార పట్టినట్టు ఉప్పునీళ్ల గార రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. అది వేడిని దాటనివ్వదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయడం సాధారణ పద్ధతి. కూలెంట్ మరిగే స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. అయితే చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంచాలి. పోసిన తర్వాత, చల్లటి ఇంజన్‌ను మూత తీసి, హీటర్ పెట్టి నడిపించి, బుడగలు ఆగేదాకా గాలి వెళ్లనివ్వాలి. నిండాక మూత బిగించాలి.

రెండు, “మన ఎండలకు ఇది అక్కరలేదు” అంటూ థర్మోస్టాట్ పీకి పారేయడం. అప్పుడు ఇంజన్ కావలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు పూడిన రేడియేటరైతే అది దాగి ఉండి మరో రోజు బయటపడుతుంది.

చివరిగా

తమ్ముళ్లూ, రేడియేటర్ మార్చి, పంపు మార్చి, చివరికి మూత మార్చితే బాగైందంటే ఆ డబ్బు ఎవరిది? పొద్దున లేస్తే కిరాయికి పరుగెత్తే మనిషిది. ఊహతో సామాను మార్చడం మెకానిక్ పని కాదు. గుర్తులు చూడడం, అనుమానించడం, పరీక్షించడం, అప్పుడే విప్పడం అసలు పని. సైన్సు చేసేదీ అదే.

పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్ల కోర్సు ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ విద్య వృథా అవుతుందని భయపడకండి. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా కూలెంటే, పంపే, రేడియేటరే. వేడి ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని అడగడం నేర్చినవాడికి ఏ బండి ముందైనా పని దొరుకుతుంది.